ఆఖరి పిడికెడు

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో మా ఇంట ఎసరు మరిగిందంటే, మా అమ్మ కొలిచిన బియ్యంలోంచి ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న రేకు డబ్బాలో వేసేది. ఆ తరవాతే మిగతా బియ్యం కడిగేది. ఆ పిడికెడు దేవుడిది. మా సంఘంలో ఆడవాళ్లందరూ అంతే. ఇంట్లో బియ్యం అడుగంటినా, భోజనాల వేళకి చుట్టాలు ఊడిపడినా, ఆ డబ్బాలోవి మళ్లీ ఇంటి గిన్నెలో పోసుకోవడమనేది లేదు. ఒకసారి నేను ఊసుపోక అందులోంచి కాసిని గింజలు నోట్లో వేసుకుంటే, ఎప్పుడూ చెయ్యి చేసుకోని మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

వారమంతా పోగైన బియ్యాన్ని ఆదివారం సంచుల్లో పోసుకుని గుడికి తెచ్చేవారు. చర్చిని మేం గుడి అనే అంటాం. లోపల ప్రభుబల్ల ముందు ఒక పెద్ద వెదురు బుట్ట ఉండేది. పాట పాడుతుండగా ఒక్కొక్కరే వచ్చి సంచీ ఒంపి, ఆఖరున ఒక్క పిడికెడు మాత్రం ఉంచుకుని, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుని, దాన్ని స్వయంగా తమ చేత్తో బుట్టలో వేసేవారు. నెలాఖరు ఆదివారం ఆ బియ్యమే వండి, ఒకే పందిట్లో అందరం కూర్చుని తినేవాళ్లం. సన్నబియ్యం, దుడ్డుబియ్యం, కోటా బియ్యం, నూకలు అన్నీ కలిసి ఉడికేవి కాబట్టి ఒక ముద్ద మెత్తగా, ఇంకో ముద్ద పలుకుగా ఉండేది. నిజం చెప్పాలంటే ఆ అన్నం నాకు నచ్చేది కాదు.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, మాతోనే ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే తీరిక లేక అనేది. ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. ఆవిడ దగ్గర బైబిలు కంటే లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. ఆవిడ చదువుకునే రోజుల్లో, మిషన్ బంగళా ఖాళీ చేసి వెళ్లిపోతూ ఒక దొరసానమ్మ ఇచ్చిందట. నాకు పాఠం చెప్పేటప్పుడు ప్రతి కొత్త మాటకీ మూడు పనులు చేయించేది. అర్థం చూడాలి, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి, ఆఖరున సొంతంగా ఒక వాక్యం రాయాలి. పుస్తకంలో వాక్యం ఎత్తి రాస్తే మాత్రం ఊరుకునేది కాదు. "నీ ఇంట్లో జరిగింది రాయవే, లండన్‌లో వాన సంగతి నీకెందుకు" అని కసిరేది.

నేను ఏడో తరగతిలో ఉండగా సండే స్కూలు పరీక్షలో ఫస్టు వచ్చాను. తొంభైల్లో మాట ఇది, మా వీధికి కేబుల్ టీవీ అప్పుడప్పుడే వస్తోంది. ఫస్టు వచ్చిన పిల్ల ఆ ఏడాదంతా బుట్ట దగ్గర నిలబడాలి. వచ్చినవాళ్లకి వందనాలు చెప్పి బుట్ట కాస్త వంచి పట్టుకోవాలి, ఇంతే పని. నాకది కలెక్టరు ఉద్యోగంలా అనిపించింది. కాళ్లు నేల మీద ఆనలేదు. శనివారం నా తెల్లగౌనుకి అమ్మ చేత గంజి పెట్టించి, ఇస్త్రీ బండి దగ్గర నేనే నిలబడి మడత మీద మడత పెట్టించుకున్నాను. ఉత్త వెదురు బుట్ట మోటుగా ఉందని, అంచుకి లేసు కుట్టిన తెల్లగుడ్డ ఒకటి ఇంట్లోంచి పట్టుకెళ్లి లోపల పరిచాను. పాస్టరు అయ్యగారి భార్య అది చూసి, ఎంత నీటుగా చేసిందో చూడండి అని పదిమందిలో అంది. ఇంక చూడాలి నా వాలకం! ఆ గుడ్డ మీద ఎవరి బియ్యం ఎలా పడుతున్నాయో, ఎవరి సంచీ మాసి ఉందో, ఎవరి చీర నలిగి ఉందో అన్నీ నేనే చూసుకోవాలన్నట్టు నిలబడేదాన్ని.

మా గుడికి ఒక మామ్మ వచ్చేది. ఎప్పుడూ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చునేది కాబట్టి పిల్లలం ఆవిడని గుమ్మం మామ్మ అనేవాళ్లం. కొయ్యూరు వెళ్లే రోడ్డులో ఊరి చివర ఇల్లు. ఒక్కతే ఉండేది. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పని చేసేది. ఆ పని చేసేవాళ్ల చేతులు ఎలా ఉంటాయో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. పిక్క తొక్కలో ఉండే జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది, నల్లగా పట్టేస్తుంది. సబ్బు పెట్టి తోమినా, గచ్చుకేసి రుద్దినా పోదు. మామ్మ ఆదివారం ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసి ముడి వేసుకుని, ఎంతో శుభ్రంగా వచ్చేది. వేళ్లూ గోళ్లూ అరచేతి గీతలూ మాత్రం బొగ్గు పట్టుకున్నట్టు ఉండేవి. అది జీడి మరకేనని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకుందామంటే నాకు ఆ దారి కూడా లేదు.

ఆ రోజు నెలాఖరు ఆదివారం. బయట పందిట్లో గాడిపొయ్యి మీద ఎసరు పడేశారు. లోపల పాట సాగుతోంది. వరసలో మామ్మ వంతు వచ్చింది. సంచీ ఒంపింది. నూక కలిసిన కోటా బియ్యం. ఆఖరి పిడికెడు పట్టుకుని కళ్లు మూసుకుంది. నేను ఆవిడ ముఖం చూడలేదు. నా తెల్లగుడ్డ మీదికి వంగుతున్న ఆ నల్లటి వేళ్లనే చూశాను. చటుక్కున బుట్టని నా వైపు లాక్కున్నాను. పైగా ఎంతో మర్యాదగా, గొంతు తగ్గించి, "మీరు ముట్టుకోకండి మామ్మా, ఇలా ఇచ్చేయండి, నేను వేస్తాను" అన్నాను.

మామ్మ కళ్లు తెరిచింది. నా వంకా, గుడ్డ వంకా, తన చేతి వంకా చూసుకుంది. పిడికిలి విప్పలేదు. ఆ బియ్యాన్ని అలాగే కొంగు చివర ముడేసుకుని, నెమ్మదిగా వెనక్కి నడిచి గుమ్మం దగ్గరికి పోయింది. వెనక నిలబడ్డవాళ్లు పాటలో ఉన్నారు, ఎవరూ గమనించలేదు. నేను గుడ్డ సవరించాను. మరక పడలేదు. చూశారా, పడనిచ్చానా, అని నాలో నేనే మురిసిపోయి, తల కాస్త ఎత్తి, పెదాలు బిగించి ఒక చిన్న నవ్వు నవ్వాను. మెచ్చుకుంటుందేమోనని పెద్దమ్మ కోసం చూశాను. పెద్దమ్మ పాట ఆపేసి నన్నే చూస్తోంది.

ఆరాధన అయ్యాక పందిట్లో విస్తళ్లు వేశారు. పెద్దమ్మ తన పక్క విస్తరి దగ్గర ఎవరినీ కూర్చోనివ్వలేదు. వడ్డన మొదలైంది, పప్పు వచ్చింది, పులుసు వచ్చింది, ఆ విస్తరి అలాగే ఉంది. గుమ్మం వైపు చూస్తే అక్కడా ఎవరూ లేరు. మామ్మ భోజనానికి ఆగకుండా వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లిందని నేను ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పని లేదని నాకు అప్పటికే తెలుస్తోంది.

ఇంటికెళ్లాక పెద్దమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది, ఓ ఏడుపు ఏడ్చేస్తే అయిపోయేది. ఆవిడ చీర మార్చుకుని, వరండాలో కుర్చీ వేసుకుని, నిఘంటువు ఒళ్లో పెట్టుకుని, కొత్త మాట ఒకటి ఉంది రమ్మని నన్ను పిలిచింది. ఆ మాట "స్మగ్". నేనే వెతికి చదివాను. తన మీద తనకి తెగ సంతృప్తి, ఆ సంతృప్తి ఎదుటివాళ్లకి కనబడేలా ఉండడం అని ఉంది. తెలుగులో ఏమంటావు అని అడిగింది. పొగరు అన్నాను. కాదంది, పొగరుబోతు నోరు చేసుకుంటాడు. గర్వం అన్నాను. అదీ కాదు, గర్వపడ్డానికి మంచి కారణం కూడా ఉండొచ్చు. టెక్కు అన్నాను.

"దగ్గరికొచ్చేవు గానీ, టెక్కు నడకలో ఉంటాది. ఇది పెదాల మీద ఉంటాది. అరవదు, కరవదు. లోపల కూర్చుని తనకి తనే శాలువా కప్పుకుంటాది" అంది పెద్దమ్మ.

నాకు చెవులు వేడెక్కాయి. ఆవిడ మాత్రం మామూలు పాఠంలాగే రెండో పనికి వచ్చింది. అర్థం పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది చదవమంది. కూడబలుక్కుని చదివాను. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఆ మాటకి చెడ్డ అర్థమే లేదట. నీటుగా, పొందికగా, శుభ్రంగా ముస్తాబైనవాళ్లని అలా అనేవారట. జర్మనీ ఉత్తరపు వైపు భాషలో అందంగా, చక్కగా ఉన్నదాన్ని చెప్పే మాట ఒకటుందని, బహుశా అక్కడి నుంచే ఇంగ్లీషులోకి వచ్చిందని రాశారు. నాకు వింతగా అనిపించింది. శుభ్రంగా ఉండడం మంచిదే కదా, మరి ఆ మాట ఎందుకలా చెడిపోయింది అని అడిగాను.

పెద్దమ్మ నా గౌను అంచు పట్టుకుని చూసింది. పొద్దున్నించీ తిరిగినా మడత నలగలేదు. "ఇది తెల్లగా ఉంటే తప్పు లేదే. నాది తెల్లన, నీది నల్లన అని చూసే చూపు ఒకటుంటాది. నీటుగా ఉన్నోళ్లు అలా చూడ్డం మరిగేక, చూపు తిన్నోళ్లు ఊరుకుంటారేటి? ఆ మాటనే తిట్టు చేసేసి ఉంటారు. పుస్తకంలో అలా రాయలేదులే, నేననుకుంటున్నాను" అంది.

ఆ తరవాత పుస్తకం మూసి, ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. ఆవిడ తాతకి, అంటే నాకు ముత్తాతకి, ఊళ్లో దాహమేస్తే గ్లాసు ఇచ్చేవారు కాదట. దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోసేవారట. జరుగు, ముట్టుకోకు, అన్న మాట వినీ వినీ ఒకనాడు ఆయన ఈ గుడి మెట్లెక్కాడట. అందరితో పాటు బియ్యం తీసుకెళ్లి, ఎక్కడ పెట్టాలో తెలియక దూరంగా నిలబడితే, నీ చేత్తోనే బుట్టలో వెయ్యమని చెప్పారట. ఆయన నమ్మలేదట. మళ్లీ అడిగి, మళ్లీ చెప్పించుకుని వేశాడట. సంచీ ఒంపితే సరిపోయేదానికి ఆ ఆఖరి పిడికెడు చేత్తో వెయ్యడం అందుకే వచ్చిందంది పెద్దమ్మ. "గుమ్మం మామ్మ వాళ్ల తాత, మా తాత కలిసే వచ్చేరే ఆ గుడికి. ఆ మాట వినకూడదనే వచ్చేరు. దాన్ని ఇన్నాళ్లకి నువ్వు తీసుకెళ్లి గుడి లోపలే అన్నావు" అంది.

నాకు తలకొట్టేసినట్టయింది. గౌను విప్పి ఎక్కడైనా పారేస్తే బాగుండుననిపించింది. మూడో పని వాక్యం కదా, పెద్దమ్మ కాగితమూ పెన్సిలూ నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. దీపాలు పెట్టే వేళ దాకా అలాగే కూర్చున్నాను. ఒక్క అక్షరం రాయలేదు. ఆవిడ వచ్చి కాగితం చూసి తీసేసింది.

మర్నాడు బడి వదిలాక నన్ను మామ్మ ఇంటికి తీసుకెళ్లింది. షేర్ ఆటోలు పోతున్నా ఎక్కించలేదు, నడిపించింది. ఏం చెప్పాలో దారి పొడవునా నేర్చుకుంటూ వెళ్లాను. క్షమించు మామ్మా, తెలియక అన్నాను, అని మొదలుపెట్టి, ఆ తెలియక దగ్గర ఆగిపోయేదాన్ని.

మామ్మ పాక ముందు చూరు నీడలో కూర్చుని, కాల్చిన పిక్కలు కర్రతో కొడుతోంది. పెద్దమ్మని చూసి, రండమ్మా అని పీట వేసింది. నా వంక చూడలేదు. పెద్దమ్మ వానల సంగతీ మోకాళ్ల సంగతీ మాట్లాడుతోంది గానీ అసలు విషయం ఎత్తదు. ఎటు చూడాలో తెలియక గుమ్మంలోంచి లోపలికి చూశాను. పొయ్యి పక్కన ఒక చిన్న గిన్నెలో పిడికెడు బియ్యం ఉన్నాయి. నేను దేన్ని చూస్తున్నానో మామ్మ కనిపెట్టింది. నాతో కాదు, పెద్దమ్మతో అంది.

"అవేనమ్మా. దేవుడివని తీసినాను, వొండుకోకూడదు. అక్కడ ఎయ్యనివ్వనేదు. పారబొయ్యడానికి సెయ్యి రాదు. ఏటి సెయ్యాలో తెలక అలాగ ఎట్టినాను. రాత్రి కూడు కూడా తినబుద్ది కానేదు."

ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగానే ఏం చెయ్యాలో తెలియక చెబుతోంది. నిన్న నేను గుడ్డ మీద మరక పడనివ్వలేదని మురిసిపోతున్నప్పుడు, ఈవిడ దేవుడికీ ఇంటికీ కాకుండా పోయిన ఆ పిడికెడు ముడేసుకుని ఇంత దూరం నడిచి వచ్చింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. కూర్చోలేను, నిలబడలేను. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఆవిడ ముందున్న కుప్పలోంచి పగిలిన పిక్క ఒకటి తీసి ఒలిచాను. ఇంకోటి తీశాను. వేళ్లు చురుక్కుమన్నాయి.

అప్పుడు చూసింది మామ్మ నా వంక. చేతిలో కర్ర పడేసి, "ఓలమ్మో! బూడిద రాసుకోకుండా ముట్టీసినావేటే గుంటా! సెయ్యి కాలిపోద్దే!" అని అరిచి, నా రెండు చేతులూ లాక్కుని పక్కనున్న బూడిదలో ముంచేసింది. తన వేళ్లతో నా వేలు వేలూ రుద్ది, లోపలి నుంచి ఆముదం తెచ్చి రాసి, నోటితో ఊదింది. ముట్టుకోవద్దని నేనన్న చేతులు అవే. నాకు ఏడుపు ఆగలేదు. మంట పుట్టి ఏడుస్తున్నాననుకుని ఆవిడ ఇంకా గట్టిగా ఊదింది. మంట కాదు మామ్మా, నిన్న అలా అన్నాను, తెలిసే అన్నాను, అని ఎలాగో కక్కేశాను. ఆవిడ ఊదడం ఆపలేదు. ఆముదం ఆరేదాకా కళ్లు నులుముకోవద్దని మాత్రం చెప్పింది.

మేం లేచి వస్తుంటే మామ్మ లోపలికి వెళ్లి ఆ గిన్నె తెచ్చింది. దోసిలి పట్టమని నా చేతుల్లో ఆ బియ్యం పోసి, "నువ్వే ఏసీయమ్మా" అంది. పెద్దమ్మ తన చేతిగుడ్డ ఇచ్చింది, అందులో మూట కట్టుకుని తెచ్చాను.

ఆ వారంలో నా వేళ్లు నల్లబడి, అక్కడక్కడ పొక్కి, తోలు ఊడింది. బళ్లో పిల్లలు గోరింటాకు మాడిపోయిందేమే అని నవ్వారు. ఆదివారం బుట్టలో తెల్లగుడ్డ పరచలేదు. ఆ వేళ్లతోనే మామ్మ పిడికెడు బుట్టలో వేశాను. ముందు వరసలో ఒకావిడ చూసి, ఏటమ్మా ఆ చేతులు, కడుక్కోలేదా అంది. కడిగినా పోదండీ, అన్నాను. గుమ్మం పక్కన మామ్మ చోటు ఖాళీగా ఉంది.

కొన్ని ఆదివారాలు పోయాక మామ్మ వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. నన్ను చూసి నవ్వింది, నా వేళ్లు తిప్పి చూసి తగ్గినాయా అని అడిగింది. ఆవిడ నన్ను క్షమించేసింది, ఆ విషయంలో నాకెప్పుడూ అనుమానం లేదు. ఆ నెల విందులో పెద్దమ్మ పక్కన కూర్చుని కడుపునిండా తింది కూడా. కానీ బుట్ట దగ్గరికి వచ్చినప్పుడు, సంచీ మొత్తం ఒంపేసి, మూలలు దులిపేసి, చేతులు కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆఖరి పిడికెడు ఉంచుకోలేదు. తరవాతి వారమూ అంతే. ఆ తరవాత కూడా అంతే.

నా ఏడాది అయిపోయింది, బుట్ట దగ్గరికి వేరే పిల్లలు వచ్చారు, వాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు. మామ్మ మాత్రం సంచీ ఒంపి వెళ్లిపోయేది. రెండువేల సంవత్సరం దాటాక నాకు విశాఖలో టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. వెళ్లేముందు ఆదివారం, బుట్ట దగ్గర పిల్లని పక్కకి జరగమని నేను నిలబడ్డాను. మామ్మ వచ్చింది. బాగా వంగిపోయింది అప్పటికి. సంచీ ఒంపబోతుంటే ఆవిడ ముంజేయి పట్టుకుని, మామ్మా, ఈ ఒక్కసారి నీ చేత్తో వెయ్యి మామ్మా, అని బతిమాలాను. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరారా నవ్వింది.

"ఓలమ్మ, నువ్వింకా అదే మనసులో ఎట్టుకున్నావేటి! నానెప్పుడో మర్సిపోనాను. ఇలాగ అలవాటైపోనాదమ్మా, అంతే" అంది. నిజంగా బాధ లేకుండానే అంది. అనేసి సంచీ ఒంపేసింది. చేతులు వాటంతట అవే కొంగులోకి వెళ్లిపోయాయి.

ఇప్పుడు మామ్మ లేదు, పెద్దమ్మా లేదు. నిఘంటువు నా దగ్గరికి వచ్చింది. నేనూ ఇంగ్లీషే చెబుతున్నాను. ఆ నవ్వు నా ముఖం మీద నుంచి పూర్తిగా పోయిందని అనుకోకండి. నా క్లాసులో అందరూ పాసైనప్పుడు, పక్కింటి వాకిలి కంటే నా వాకిలి శుభ్రంగా ఉన్నప్పుడు పెదాలు ఆ వైపు లాగుతాయి. లాగినప్పుడు తెలుస్తుంది, అంతవరకే నేను బాగుపడింది. పాఠంలో ఆ మాట వస్తే అర్థం చెబుతాను, ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను, సొంతంగా వాక్యం రాయమంటాను. పిల్లలు చేప తిన్న పిల్లి గురించి, పక్క సెక్షన్ లీడరు గురించి రాస్తారు. ఈ మధ్య ఒక పిల్ల లేచి, మీరూ ఒకటి రాయండి టీచర్ అంది. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. బెల్లు కొట్టబట్టి బతికిపోయాను.

ఆ రోజు ఇంటికొచ్చి ఎసరు పెట్టి, బియ్యంలోంచి పిడికెడు తీస్తుంటే, పెద్దమ్మకి నేను రాసివ్వని వాక్యం దానంతట అదే వచ్చింది. మామ్మ సంచీ ఒంపి, చేతులు కొంగులో పెట్టుకుంది. ఆ వాక్యంలో ఆ ఇంగ్లీషు మాట ఎక్కడా లేదు. అయినా పెద్దమ్మ సరేననేది, మా ఇంట్లాంటి గుడిలో జరిగిందే కదా. నేను మాత్రం ఆ పిడికిలి విప్పి బియ్యం డబ్బాలో వెయ్యడానికి చాలాసేపు సిగ్గుపడుతూ అలాగే నిలబడ్డాను.